పీట మీద పోయిన నలభై సెకన్లు

మీరు దారం పిన్నిని కలిసి తీరాలి. తీరిక లేదు, తర్వాత చూద్దాం అంటే కుదరదు, ఈ వారంలోనే వెళ్ళండి. బస్సు డిపో వెనక సందులో సైకిల్ షాపు పక్కనే మెట్లు ఉంటాయి. పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు కొంచెం ఊగుతుంది, గోడ పట్టుకోండి. పైన ఆకుపచ్చ తలుపు. తట్టాక కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈమధ్య తలుపు చప్పుడైతే చాలు పిన్నికి గుండె జారిపోతోంది. కిటికీలోంచి ఎవరో చూసుకున్నాకే గడియ తీస్తుంది. లోపల ఎక్కడైనా కూర్చోండి, ఏమైనా అడగండి, బల్ల మీదున్న యంత్రం జోలికి మాత్రం వెళ్ళకండి. సంగతంతా వింటే మీరే చేతులు వెనక్కి కట్టుకుంటారు.

ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. రేడియోలు, రికార్డు ప్లేయర్లు, టేపులు బాగుచేస్తుంది. అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ముట్టుకోకూడని ప్రతిదానికీ ఎర్రదారం ముక్క కట్టడం ఆవిడ అలవాటు. స్టవ్ మీటకి దారం, మెయిన్ స్విచ్చికి దారం, కిటికీ గడియకి దారం. కింద సైకిల్ షాపాయన రోజూ ఏడిపిస్తాడు.

"పిన్నీ, నా నోటికి కూడా ఒక ముడి వెయ్యరాదూ? మా ఆవిడ నీకు దండం పెట్టుకుంటుంది."

"నీ నోటికి దారం ఆగదు నాయనా, గొలుసు కావాలి. అది నీ షాపులోనే ఉందిగా."

ఇలా నవ్వుతూ ఉండే మనిషే. కానీ ఆ దారం వెనక ముప్పై అయిదేళ్ళ భయం ఉంది. అది తెలియాలంటే ముందు పీట గురించి తెలియాలి.

పీట అంటే కూర్చునేది కాదు. టేపు రికార్డరు కొనడమంటే ఇల్లు కట్టినంత పని అయిన రోజుల్లో, ఇంట్లో రికార్డు ప్లేయరు ఉన్నవాళ్ళ కోసం ఒక తమాషా వస్తువు వచ్చింది. పళ్ళెమంత పలక, దాని మీద రెండు టేపు చుట్టలు, మధ్యలో వేలెడంత మీట. పాటల రికార్డు తీసేసి, ప్లేయరు మీద ఈ పలకని కూర్చోబెట్టాలి. దీనికి సొంత మోటారు లేదు. కింద ప్లేయరు తిరుగుతుంటే ఆ తిప్పుడుకే పైన టేపు నడుస్తుంది. పక్కన మైకు తగిలించిన చిన్న పెట్టె, అందులోంచి తీగ రేడియోకి. అంతే! పాటలు వినే ప్లేయరు కాస్తా మనుషుల గొంతులు పట్టే యంత్రం అయిపోయింది. పిన్నివాళ్ళ నాన్న దాన్ని తెప్పించిన రోజున ఇంట్లో అందరూ చుట్టూ చేరి చూశారు. చూడ్డానికి పీటలా ఉందని వాళ్ళమ్మ అన్నది, ఆ పేరే ఖాయమైపోయింది.

మీటకి రెండు స్థానాలు. నాన్న తెల్లరంగుతో ఒకవైపు "విను" అనీ, రెండోవైపు "పట్టు" అనీ రాశాడు. మీట "పట్టు" వైపు ఉంటే చిన్న అయస్కాంతం ముక్క వచ్చి టేపుకి ఆనుతుంది. పాత మాటని తుడిచేస్తుంది, దాని వెనకే కొత్త మాట ఎక్కుతుంది. ఈ కాలం యంత్రాల్లా రెండు బొత్తాలు కలిపి నొక్కితే తప్ప పనిచెయ్యకపోవడం లాంటి కాపలా ఏదీ దీనికి లేదు. మీట పొరపాటున అటు ఉండిపోయిందా, అంతే సంగతులు. మాట పోతున్నట్టు చప్పుడు కూడా రాదు.

నాన్న ఆ గదిలో మాటల ఉత్తరాలు పట్టేవాడు. దూరంగా ఉన్నవాళ్ళకి ఏదైనా చెప్పుకోవాలనుకున్నవాళ్ళు వచ్చి మైకు ముందు కూర్చుని మాట్లాడేవాళ్ళు. టేపు డబ్బాలో పెట్టి పోస్టులో పంపితే, అవతలివాళ్ళు ఇలాంటి పీట ఉన్నచోట పెట్టించుకుని వినేవాళ్ళు. మాట్లాడే మనిషిని మైకు ముందు కూర్చోబెట్టి, మీట వేసి, నాన్న బయటికి వచ్చి తలుపు మూసేవాడు. ఎవరి ఉత్తరం వాళ్ళది, మనం వినకూడదు అనేవాడు. బాగుచెయ్యడానికి వచ్చిన టేపుల్ని కూడా అలాగే పరీక్షించేవాడు. మొదటి మాట వినబడగానే ఆపేసేవాడు. రెండో మాట వినడం దొంగతనమే ఆయన లెక్కలో. పిన్ని కూడా ముప్పై అయిదేళ్ళుగా అదే పద్ధతి.

ఇక భయం సంగతి. పిన్నికి ఇరవై మూడేళ్ళప్పుడు ఒక దర్జీ టేపు తెచ్చాడు. అందులో జ్వరంతో పోయిన మూడేళ్ళ కూతురి గొంతు ఉంది. నాన్న మీట చూసుకోలేదు. పిల్ల గొంతు మొత్తం పోయింది. పక్కనే నిలబడ్డ పిన్నికి అంతా అర్థమైంది. దర్జీ వచ్చి అడిగితే నాన్న తల ఎత్తకుండా, "చెమ్మ పట్టింది, టేపు పాడైపోయింది" అన్నాడు. దర్జీ నమ్మాడు. నమ్మి ఇంటికెళ్ళి, తడిగోడ పక్కన పెట్టింది నువ్వేనని భార్య మీద పడ్డాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఎండ బాగా కాసినప్పుడల్లా ఆ టేపుని డాబా మీద ఆరబెట్టి, సాయంత్రం ఈ పద్నాలుగు మెట్లూ ఎక్కి వచ్చేవాడు.

"ఇవాళ బాగా ఎండింది మాస్టారూ. ఒక్కసారి పెట్టి చూస్తారా?"

నాన్న పెట్టి చూసేవాడు. గాలి వీచినట్టు చప్పుడు తప్ప ఏమీ వచ్చేది కాదు. దర్జీ భార్య మొదట్లో కింద సైకిల్ షాపు దగ్గర నిలబడేది, కొన్నాళ్ళకి రావడం మానేసింది. పిన్ని మీటకి ఎర్రదారం కట్టడం మొదలుపెట్టింది అప్పుడే. మీటని "విను" వైపు నెట్టి, పక్కనున్న మేకుకి బిగించి ముడి వేస్తుంది. ముడి విప్పకుండా మీట కదలదు. నాన్న పోయి ఇరవై ఏళ్ళైంది, దారాలు మారుతూ వచ్చాయిగాని ముడి మాత్రం ఎప్పుడూ ఉంది.

మొన్నటిదాకా.

ఆ రోజు పొద్దున్నే ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చంకలో రేకు డబ్బా. డబ్బా మీద నాన్న చేతిరాతని పిన్ని చూడగానే గుర్తుపట్టింది.

"మా అమ్మ పోయి రెండు నెలలైందమ్మా. కుట్టుమిషను సొరుగులో ఇది దొరికింది. నేను పదహారేళ్ళప్పుడు ఊరుగాని ఊళ్ళో వర్క్‌షాపులో పనికి వెళ్ళాను. అప్పుడు నా పేరు మీద పట్టించినట్టుంది. ఎందుకో పంపలేదు."

"మీరెప్పుడూ వినలేదా?"

"ఎక్కడ వింటాం? నాలుగు చోట్లకి తీసుకెళ్ళాను. ఈ టేపు మా మిషన్లమీద నడవదు, దారం పిన్ని దగ్గరికి పొమ్మన్నారు. సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగి అయిదింటికల్లా వస్తాను. మా అక్కని కూడా తీసుకొస్తా. అమ్మ గొంతు ఇద్దరం కలిసి వింటాం. ఈలోపల ఆడుతుందో లేదో చూసి పెట్టండమ్మా." మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "జాగ్రత్తమ్మా. ఇది తప్ప ఇంకోటి లేదు."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని పిన్ని ఇప్పటికీ అనుకుంటుంది.

అంత పాత టేపు కదా, ముందు పీటని శుభ్రం చెయ్యాలి. అయస్కాంతం చుట్టూ దుమ్ము తుడవాలంటే మీటని "పట్టు" వైపు నెట్టాలి. నెట్టాలంటే దారం విప్పాలి. విప్పి, ఎప్పటిలాగే బల్ల మీద కళ్ళెదురుగా పెట్టుకుంది. ఆవిడ గుర్తు అది. దారం బల్ల మీద ఉందంటే పని సగంలో ఉన్నట్టు. బల్ల మీద లేదంటే మీటకి కట్టేసినట్టు. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

తుడుస్తుండగా వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. పరిగెత్తింది. స్టవ్ ఆర్పి, గిన్నె దించి, గట్టు తుడిచి వచ్చేసరికి పది నిమిషాలు.

బల్ల మీద దారం లేదు.

అంటే కట్టేసినట్టే. పిన్ని చెయ్యి తడి తుడుచుకుని, టేపు చుట్ట ఎక్కించి, రేడియో పెట్టి, ప్లేయరు తిప్పింది.

గదిలో ఇంకో మనిషి ఉంది, పిన్నివాళ్ళ అక్క. అరవై అయిదేళ్ళు, బళ్ళో గుమాస్తాగా చేసి రిటైరైంది. చెవులు కాస్త మందం, అందుకని తనకి వినబడేంత గట్టిగా పేపరు చదువుతుంది. వీధి చివరిదాకా వార్తలు ఉచితం. ఆ గొంతు హోరులో, రేడియోలోంచి రావలసిన సన్నటి గుర్రుమనే చప్పుడు వస్తోందో లేదో పిన్నికి తెలియలేదు.

పిన్ని చెవి రేడియోకి ఆనించింది. మొదటి మాట కోసం ఎదురుచూసింది. అది రాగానే ఆపేస్తుంది. రాలేదు. మొదట్లో ఖాళీ టేపు కొంత ఉంటుందిలే అనుకుని రేడియో చప్పుడు పెంచింది. ఇంకా రాలేదు. పాపం, మైకు ముందు కూర్చుని మొహమాటపడి ఉంటుంది ఆ తల్లి, మాట పెగలడానికి టైము పట్టి ఉంటుంది అనుకుంది. చుట్ట తిరుగుతూనే ఉంది.

"అక్కా, కాస్త మెల్లిగా చదువు."

"ఏంటీ?" అంటూ అక్క పేపరు దించింది. కళ్ళద్దాలు సర్దుకుంది. విరిగిన కళ్ళద్దాల పుల్లకి ఎర్రదారం చుట్టి ఉంది.

పిన్నికి ఒక్క క్షణం అది ఏమిటో అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి తనంతట తనే వెళ్ళి మీటని వెనక్కి లాగింది. వెంటనే రేడియోలోంచి ఒక ఆడగొంతు, పక్క కుర్చీలో కూర్చున్నంత స్పష్టంగా:

"...అదీ జరిగింది. నువ్వు పెద్దవాడివయ్యావు కాబట్టి చెప్పాను. మళ్ళీ చెప్పను."

పిన్ని ప్లేయరు ఆపేసింది. కింద కూలబడింది. నలభై సెకన్లు. గోడ గడియారం చూసింది కాబట్టి తెలుసు. ఆ నలభై సెకన్లూ ఆ తల్లి మాట్లాడుతూనే ఉంది. తను చెవి ఆనించి, మొదటి మాట కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎదురుచూస్తూ, ఒక్కో మాటనీ తుడిచేసింది.

"ఏమైందే? అలా తెల్లబోయావేం? కరెంటు కొట్టిందా?"

"ఆ దారం... ఎక్కడిది?"

"ఇదా? బల్ల మీద పడుంటే తీశా. కొత్త పుల్ల వేయించి పెట్టవే అని నెల రోజులుగా మొత్తుకుంటున్నా, ఊళ్ళోవాళ్ళ రేడియోలన్నీ బాగుచేస్తావు, అక్క కళ్ళద్దాలు మాత్రం..." పిన్ని మొహం చూసి ఆగిపోయింది. పీట వైపు చూసింది. మీట వైపు చూసింది. ఆవిడకి చెవులు మందం గాని బుర్ర మందం కాదు.

"ఎంత పోయింది?" అంది, జన్మలో మొదటిసారి మెల్లిగా.

పిన్ని చెప్పింది. అక్క కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెమ్మ పట్టిందని చెప్పెయ్. నాన్న చెప్పలేదూ?"

"నీకు తెలుసా?"

"మనింట్లో తెలియనిదెవరికే? అమ్మకీ తెలుసు."

ముప్పై అయిదేళ్ళు తనొక్కతే మోస్తున్నాననుకున్న బరువు ఇంటిల్లిపాదీ మోశారన్నమాట. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకుండా. కానీ తేలికపడే టైము కాదది. గడియారం పన్నెండు చూపిస్తోంది. వాళ్ళు రావడానికి ఇంకా అయిదు గంటలు.

చెమ్మ అనేస్తే డ్రైవరు నమ్ముతాడు. అందులో అనుమానం లేదు. అతను అసలు ఎప్పుడూ వినలేదు, ఏం పోయిందో అతనికి తెలియదు. టేపు అక్కణ్ణించే మొదలైందని అన్నా నమ్ముతాడు. కానీ "అదీ జరిగింది" అని వినగానే ఏది జరిగిందని అడుగుతాడు. అప్పుడు చెమ్మ అంటే కుట్టుమిషను సొరుగులో దాచిన తల్లిని తిట్టుకుంటాడు. లేదా ఎండలో ఆరబెట్టి ఈ మెట్లెక్కి వస్తాడు. ఇవాళ బాగా ఎండిందమ్మా, ఒక్కసారి పెట్టి చూస్తారా అంటాడు. ఆ గొంతు అప్పుడే పిన్ని చెవిలో పడ్డట్టయింది.

ఒక్కటే దారి కనబడింది. ఈ పీట పాతది, అయస్కాంతం కాస్త అరిగింది. టేపు వెడల్పంతా దానికింద పడకపోతే అంచున వెంట్రుకంత మేర మాట మిగిలి ఉండొచ్చు. పోస్టుకార్డు చింపి, సన్నటి ముక్క టేపు కింద పెట్టి, అంచు పైకి లేచి మాట వినిపించే ముక్కకి ఆనేలా సర్దింది. మీటని "విను" వైపు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది, వదిలితే మళ్ళీ ఎక్కడ కదులుతుందోనని. మొదట్నించి పెట్టింది.

గాలి. గాలి. ఆ గాలి వెనక, నాలుగు గోడల అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు ఒక గొంతు. మాటలు కావు, మాటల ఎత్తుపల్లాలు. రెండోసారి పెట్టింది. ఇది రెండో మాట, మూడో మాట, వినకూడనివి. విన్నది. ఎనిమిదోసారికి మూడు ముక్కలు తేలాయి.

"అక్కకి."

కాసేపటికి, "తెలీదు."

చిట్టచివర్న, "నేనే."

ఏమీ వినబడకపోయినా బాగుండేది. అక్కకి ఏం తెలీదు? నేనే ఏం చేశాను? ఈ మూడు ముక్కలతో ఒక మనిషి ఎన్ని ఊహలైనా అల్లుకోవచ్చు. ఆ అక్కే అయిదింటికి తమ్ముడి పక్కన నడుచుకుంటూ వస్తోంది.

"ఆ అంచున మిగిలింది కూడా చెరిపెయ్. అదీ లేదనుకో," అంది అక్క.

"ఇంకోసారి తుడవమంటావా?"

అక్క కళ్ళద్దాల దారం మెల్లిగా విప్పి చెల్లెలి చేతిలో పెట్టింది.

అయిదుకి పది నిమిషాలుందనగా ఏడో మెట్టు కిర్రుమంది. పిన్ని తలుపు తీసింది. డ్రైవరు నవ్వుతున్నాడు. వెనక వాళ్ళక్క, నెరిసిన జుట్టు, చేతిలో ముడతలుపడ్డ గుడ్డ సంచి.

"ఆడిందా అమ్మా?"

పిన్ని గడప దగ్గరే నిలబడి, గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "ఆడింది. కానీ మొదటి నలభై సెకన్లు పొద్దున నా చేతిలో తుడిచిపెట్టుకుపోయాయి. చెమ్మ కాదు. టేపు తప్పు కాదు. మీ అమ్మగారు చక్కగా దాచారు. నేను మీట చూసుకోలేదు."

డ్రైవరు నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. అరుస్తాడనుకుంది. కొడతాడేమో అని కూడా అనుకుంది. అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నలభై సెకన్లంటే ఎంతమ్మా? ఎన్ని మాటలు?"

జవాబు వాళ్ళక్క చెప్పింది. "స్టాపులో నువ్వు బస్సు ఆపి జనాన్ని ఎక్కించుకునేంతసేపు రా."

"అంతసేపంటే చాలా చెప్పొచ్చే," అన్నాడతను.

డ్రైవరు అక్క పిన్ని వైపు తిరిగింది. కళ్ళు సూటిగా ఉన్నాయి. "పోయినదాంట్లో మీకేమైనా వినబడిందా?"

ఇదిగో, పొద్దుట్నించీ భయపడ్డది ఈ ప్రశ్నకే. లేదు అనొచ్చు. ఒక్క మాట. పిన్ని పీట దగ్గరికి వెళ్ళింది. మీట "విను" వైపు ఉందో లేదో చూసింది, వేలితో తడిమింది, మళ్ళీ చూసింది. ఎర్రదారం చుట్టి మేకుకి ముడి వేసింది. ఒక ముడి చాలదన్నట్టు మూడు వేసింది.

"అంచున కాస్త మిగిలింది. వినకూడదు, విన్నాను. నా నోటితో చెప్తే అది మీ అమ్మగారి మాట కాదు, నా మాట అయిపోతుంది. చాలా సన్నగా ఉంటుంది, చెవి ఆనించి వినండి. ఆ తర్వాతంతా బాగుంది." ప్లేయరు తిప్పి, తన అక్కని రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చి తలుపు మూసింది. నాన్న మూసినట్టే.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. లోపల్నించి ఏమీ వినబడలేదు. సైకిల్ షాపాయన కిందనించి, "ఏంటి పిన్నీ, అద్దెకిచ్చేశావా ఇల్లు?" అన్నాడు. పిన్ని వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. టేపు మొత్తం పదిహేను నిమిషాలు. అరగంటైంది. గంటైంది. ఒకసారి కుర్చీ జరిగిన చప్పుడు, అంతే. పిన్ని అక్క చెయ్యి పట్టుకుంది, అక్క వదిలించుకోలేదు.

తలుపు తెరుచుకుంది. డ్రైవరు అక్క ముందు దిగింది, గోడ పట్టుకోకుండా, ఎవరి వైపూ చూడకుండా. ఏడో మెట్టు ఊగినా ఆగలేదు. సంచి గుండెలకి హత్తుకుని ఉంది. వెనక డ్రైవరు వచ్చి పిన్ని ముందు ఒక్క నిమిషం నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది కోపమో ఏడుపో తెలియలేదు.

"మళ్ళీ వస్తాం. అప్పటిదాకా ఆ దారం విప్పకండమ్మా."

ఇది జరిగి పందొమ్మిది రోజులు. వాళ్ళు రాలేదు. టేపు పీట మీదే ఉంది, పోస్టుకార్డు ముక్క దాని కిందే ఉంది, మూడు ముళ్ళూ అలాగే ఉన్నాయి. పిన్ని వేరే టేపులేవీ తీసుకోవడం లేదు. పీట మీద దుమ్ము కూడా తుడవడం లేదు. అక్క కళ్ళద్దాలకి రబ్బరుబ్యాండు చుట్టుకుని, పేపరు మనసులో చదువుకుంటోంది. డిపో నించి బస్సు బయల్దేరిన ప్రతిసారీ పిన్ని కిటికీ దగ్గరికి వెళ్ళి డ్రైవరు ఎవరో చూస్తుంది. ఏడో మెట్టు కిర్రుమంటే నిలువునా బిగుసుకుపోతుంది. తమ్ముడొస్తే ఏమంటాడో, అక్కొస్తే ఏమంటుందో, ఎవరూ రాకపోతే ఆ టేపుని ఏం చెయ్యాలో.

అందుకే వెళ్ళి కలవమంటున్నాను. మెల్లిగా తట్టండి, ముందే మీ పేరు చెప్పండి, చేతులు వెనక్కి కట్టుకోండి. మెట్లెక్కుతూ ఒక్కటి మాత్రం ఆలోచించండి. ఆ మూడు మాటలూ మీ చెవిలోనే పడి ఉంటే, ఆ అక్క మీ కళ్ళలోకి సూటిగా చూసి అడిగి ఉంటే, మీరు తలుపు మూసి బయటికి వచ్చేవారా? లేదు అనేసి ఉండేవారా? మీరైతే ఏం చేసేవారు?